నల్ల బొట్టు సంగతి

చిరంజీవులు చింటూకి, అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో నా పాత ల్యాప్‌టాప్‌లో, కంప్యూటర్‌ని నడిపించే లినక్స్ రకాల్లో ఒకటైన ట్రిస్కెల్ ఎక్కించాక వైఫై రాలేదని చింటూ మూతి ముడుచుకున్నాడు. పక్కింటి అన్న ఉబుంటు అనే ఇంకో లినక్స్ వేస్తే వెంటనే వచ్చిందట, నా లినక్సే బాగోలేదట! "రెండూ ఫ్రీనే కదా తాతయ్యా, మరి తేడా ఏంటి?" అని అమ్ములు అడిగింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మిగతాది ఇప్పుడు చెప్తాను.

అటక మీద ఉన్న మన పాత రేడియో వెనక అట్ట విప్పితే లోపల ఒక కాగితం అంటించి ఉంటుంది, చూశారా? అది సర్క్యూట్ డయాగ్రం. ఏ తీగ ఎక్కడికి పోతుందో అందులో ఉంటుంది కాబట్టే ఆ రేడియోని నేను ముప్పై ఏళ్లు బతికించాను. ఇక చింటూ బొమ్మకారు విప్పినప్పుడు చూశాం కదా, బోర్డు మీద తారు చుక్కలాంటి నల్ల బొట్టు. దాని కింద చిప్ ఉంది. అదేం చేస్తుందో తెలియదు, పోతే బాగుచేయలేం, కారు చెత్తబుట్టలోకే.

సాఫ్ట్‌వేర్‌కి ఆ డయాగ్రం లాంటిది సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామ్ రాసినవాళ్ల అసలు రాత. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తానని ప్రకటించినప్పటి నుంచి ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాళ్లు అడిగేది ఇదే. ప్రోగ్రామ్‌ని ఏ పనికైనా వాడుకోనివ్వాలి, విప్పి చూసి మార్చుకోనివ్వాలి, నలుగురికీ పంచనివ్వాలి, మార్చినదాన్ని కూడా పంచనివ్వాలి. డబ్బు ఊసే లేదు, అమ్ముకున్నా తప్పు లేదు. ఇంగ్లీషులో ఫ్రీ అన్న ఒక్క మాటతో తిప్పలు పడుతుంటారు గానీ మనకా బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. తెలుగులో లినక్స్ తయారుచేసిన మనవాళ్లు దానికి 'స్వేచ్ఛ' అనే పేరు పెట్టారు.

లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ 1992లోనే, ఈ స్వేచ్ఛలన్నీ ఇచ్చే జీపీఎల్ లైసెన్స్ కిందికి వచ్చింది. మరి ఇంకేం కావాలి అంటారా? అక్కడే ఉంది మెలిక. వైఫై చిప్‌లు చాలావాటికి కంప్యూటర్ ఆన్ కాగానే ఒక ఫర్మ్‌వేర్ ఫైలు, అంటే ఆ చిప్‌ని నడిపించే ప్రోగ్రామ్, ఎక్కించాలి. తెరిచి చూస్తే అర్థంలేని అక్షరాల ముద్ద. సోర్స్ ఇవ్వరు. అదే మన నల్ల బొట్టు! ఉబుంటు ఆ ఫైళ్లను తనతోపాటే ఇస్తుంది. ట్రిస్కెల్ వాడే లినక్స్-లిబ్రే కెర్నల్ వాటిని ఏరి పారేస్తుంది. ఆ రోజు నల్లతెర మీద నేను చూపించిన లైను గుర్తుందా? స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ లేదు, వేరేది ఎక్కించను అని దాని అర్థం. అంటే వైఫై పాడవలేదు, చింటూ. ట్రిస్కెలే కావాలని మొండికేసింది.

ఇలా నల్ల బొట్లు ఏరి పారేసేవాటినే, స్టాల్‌మన్ పెట్టిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అసలైన స్వేచ్ఛా డిస్ట్రోలుగా, అంటే లినక్స్ రకాలుగా, ఒప్పుకుంటుంది. ట్రిస్కెల్, గిక్స్, పారబోలా, ఇంకా కొన్ని. లోపల బొట్టు లేకపోతే చాలదు, ఫలానా చోట దొరుకుతుంది తెచ్చుకోండి అని దారి కూడా చూపించకూడదు. మాన్యువళ్లకూ ఇదే రూలు. ఆటల్లోని బొమ్మలకీ పాటలకీ మాత్రం కాస్త సడలింపు ఉంది, మార్చనివ్వకపోయినా పంచనిస్తే చాలు. పొరపాటున ఏదైనా దూరిందనుకోండి, అన్నంలో రాయి వస్తే తీసేసి తిన్నట్టే, దాన్ని తీసేస్తే సరి.

డెబియన్ అనే ఇంకో లినక్స్ కథ వేరు. తమ లినక్స్ స్వేచ్ఛగానే ఉంటుందని 1997లోనే సామాజిక ఒప్పందం రాసుకున్న పద్ధతైన మనుషులు వాళ్లు. అయినా స్వేచ్ఛ లేనివాటికి తమ సర్వర్లలోనే వేరే గది ఉంచారు కాబట్టి ఆ జాబితాలోకి రాలేదు. 2022లో ఓట్లు వేసుకుని, ఫర్మ్‌వేర్‌ని ఇన్‌స్టాలర్‌లోనే పెట్టేశారు. వైఫై లేకపోతే కొత్తవాళ్లు మొదటి మెట్టు మీదే వెనక్కి పోతున్నారన్నది వాళ్ల బాధ. నాకది అర్థమవుతుంది. నిజం చెప్పాలంటే నా బ్యాంకు పనులకు నేను వాడేది డెబియనే, మీ నానమ్మకి చెప్పకండి, ట్రిస్కెల్ గురించి ఆవిడకి చాలా గొప్పలు చెప్పాను.

అన్నట్టు, ఏథెరోస్ ఏఆర్9271 చిప్ ఉన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఒకటి తెప్పించాను. దాని ఫర్మ్‌వేర్‌కి సోర్స్ కోడ్ ఉంది. గుచ్చగానే ట్రిస్కెల్‌లో సిగ్నల్ వచ్చేసింది! దసరాకి వచ్చేటప్పుడు చింటూ ఆ చిన్న స్క్రూడ్రైవర్ తిరిగి తీసుకురావాలి, రేడియో మళ్లీ గురగురలాడుతోంది.

మీ తాతయ్య