యుబిక్విటస్: ‘ఎన్ని’ కాదు, ‘ఎక్కడ’

ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేయడం, ఇతరులు చేసినవి దిద్దడం నా పని. ఇన్నేళ్లలో నన్ను బాగా సతాయించిన ఇంగ్లిష్ మాటల్లో ‘యుబిక్విటస్’ (ubiquitous) ఒకటి. ఎటు చూసినా కనిపించేది అని దాని అర్థం. దీని గురించి తరచూ వినే అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: ‘చాలా ఎక్కువ’ అని అర్థం.

కాదు. లాటిన్‌లో ‘ఉబి’ అంటే ఎక్కడ. దానికి ‘క్వె’ చేరితే ‘ఉబిక్వె’, అంటే అంతటా. ఈ మాట పుట్టుకలోనే ‘ఎక్కడ’ ఉంది, ‘ఎన్ని’ లేదు. ఒకే గోదాములో పది లక్షల గొడుగులు పడి ఉన్నా అవి యుబిక్విటస్ కావు. వాన రోజున వీధిలో, బస్సులో, ఆఫీసు గుమ్మం దగ్గర ఎటు తిరిగినా ఓ గొడుగు కనబడితే, అప్పుడవుతాయి. దిద్దేటప్పుడు ఆ మాట తీసేసి ‘ఎక్కడ చూసినా కనిపించే’ అని పెట్టి చదువుతాను. అర్థం కుదిరితే సరే. ‘యుబిక్విటస్ జీతం’ లాంటివి అక్కడే దొరికిపోతాయి.

అపోహ: దీనికి సరైన తెలుగు ‘సర్వాంతర్యామి’.

కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ‘సర్వాంతర్యామి అయిన స్మార్ట్‌ఫోన్’ అని రాసి పంపితే, మా ఎడిటర్ పక్కన పెన్సిల్‌తో ‘దండం పెట్టమంటారా?’ అని రాసి తిప్పి పంపారు. అప్పుడు సిగ్గేసింది కానీ, నా పొరపాటు మరీ గాల్లోంచి ఊడిపడిందేమీ కాదని తర్వాత తెలిసింది. ‘యుబిక్విటీ’ అనే నామవాచకం ఇంగ్లిష్‌లోకి 16వ శతాబ్దంలో వచ్చింది, అదీ మత చర్చల్లోంచి. క్రీస్తు శరీరం అంతటా ఉంటుందన్న లూథరన్ల (ఒక క్రైస్తవ శాఖవారి) వాదాన్ని అలా పిలిచేవారు. విశేషణం చాలా తర్వాత వచ్చి, మెల్లగా మామూలు వస్తువులకు అంటుకుంది. ఇవాళ దేవుడి గురించి చెప్పాలంటే ఇంగ్లిష్‌వాళ్లు ‘ఆమ్నిప్రెజెంట్’ అంటారు. యుబిక్విటస్‌లో భక్తి లేదు సరికదా, ‘అబ్బా, మళ్లీ ఇదేనా’ అన్న చిన్న విసుగు కూడా ఒక్కోసారి వినిపిస్తుంది.

మరి తెలుగులో ఏమనాలి? విశేషణానికి విశేషణమే వెతికితే దొరకదు, వాక్యాన్నే తిప్పాలి. ఆ స్మార్ట్‌ఫోన్ చివరికి ‘ఎవరి చేతిలో చూసినా స్మార్ట్‌ఫోనే’ అయింది. ఆ చివరి ‘ఏ’ ఒక్కటే సగం పని చేసిపెట్టింది.

అపోహ: ర్యాంపంట్, ప్రివలెంట్, యుబిక్విటస్ అన్నీ ఒకటే.

ర్యాంపంట్ అంటే చెడు విచ్చలవిడిగా పెరగడం. అవినీతికి నప్పుతుంది, గొడుగులకు నప్పదు. ప్రివలెంట్ ఒక కాలంలోనో ఒక వర్గంలోనో ఎక్కువగా ఉన్న జబ్బుకో అభిప్రాయానికో వాడతారు. ‘పుట్టగొడుగుల్లా’ కూడా యుబిక్విటస్‌కు బదులు కాదు. అది కొత్తగా పుట్టుకురావడం గురించి, ఇది ఎప్పటినుంచో కళ్లముందున్నదాని గురించి. ‘యునీక్’‌తో కలిపేసేవాళ్లనూ చూశాను. అదంటే ‘ఒకే ఒక్కటి’, పూర్తిగా ఎదురు అర్థం. అన్నట్టు, పలికేటప్పుడు ఒత్తు ‘బిక్’ మీద పడాలి.

అపోహ: నిజంగా ప్రతిచోటా ఉంటేనే వాడాలి.

అక్షరాలా పట్టుకుంటే ఏ వస్తువుకూ వాడలేం. ‘ఇంక్రీజింగ్లీ (రానురాను మరింతగా) యుబిక్విటస్’ అని మంచి రచయితలే రాస్తారు, నేనూ ఒప్పుకుంటాను. ‘వెరీ యుబిక్విటస్’ కనబడితే మాత్రం కొట్టేస్తాను. సైన్సులోనూ ఇదే వరస. 1975లో ఒక చిన్న ప్రోటీన్ గురించి ప్రకటించారు, 76 అమైనో ఆమ్లాలది. ప్రాణమున్న ప్రతి కణంలోనూ ఉంటుందనుకుని ‘యుబిక్విటిన్’ అన్నారు. పాడైన ప్రోటీన్లను కణం వదిలించుకోవడంలో దాని పాత్ర కనిపెట్టిన ముగ్గురికి 2004లో నోబెల్ కూడా వచ్చింది. తీరా చూస్తే బ్యాక్టీరియాలో అది మామూలుగా ఉండదు. అయినా పేరు మార్చలేదు.