రేడియో గొంతుల గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన నెల మా అక్క చనిపోయింది. సొంత అక్క కాదు, మైకు ముందు ఎలా కూర్చోవాలో నాకు నేర్పిన సీనియర్ అనౌన్సర్. సాయంత్రానికల్లా కడప, ప్రొద్దుటూరు, తాడిపత్రి, నంద్యాల గ్రూపులన్నిట్లో ఆమె ఫోటో తిరిగింది. రాసినవాళ్లంతా ప్రేమతోనే రాశారు, చదువుతుంటే ఏడుపొచ్చింది. కానీ అందులో సగం జరగని సంగతులు. సీమలోని ఒక కేంద్రంలో 20 ఏళ్లకు పైగా అదే పని చేశాను కాబట్టి నాకు తెలిసినంతవరకు సరిచేద్దామని కూర్చున్నాను. ఆమె నిజంగా చేసిన పని, ఆమెకు అంటగట్టిన గొప్పల కన్నా పెద్దది.

అపోహ: దేవుడిచ్చిన గొంతు, అందుకే అనౌన్సర్ అయింది.

ఎదురుగా కూర్చుని వింటే అక్క గొంతు కొంచెం బొంగురు. రేడియోలో మీరు విన్నది ఆమె చేసుకున్న గొంతు. మైకుకు జానెడు దూరంలో కూర్చునేది, ‘ప’, ‘భ’ వచ్చినచోట ఊపిరి మైకుకు కొట్టకుండా ముఖం రవ్వంత పక్కకు తిప్పేది. కాగితం తిప్పితే చప్పుడవుతుందని గుండుసూది తీసేసి, ఏ పేజీకి ఆ పేజీ విడిగా పరిచి, మూల మడిచి పెట్టుకునేది. ఊళ్ల పేర్లకు ఒక నోటుబుక్కు ఉండేది ఆమెకు. ఆళ్లగడ్డలో ‘ళ’ పోకూడదు, కల్యాణదుర్గంలో ‘ణ’ పోకూడదు. ఏదైనా చిన్న పల్లె పేరు మీద అనుమానం వస్తే ఆ వైపు బస్సెక్కే కండక్టర్‌నో, క్యాంటీన్ కుర్రాడినో అడిగి రాసుకునేది. ఊరి పేరు తప్పు చదివితే ఆ ఊరికి అవమానం అనేది.

ఇంకొకటి, మాట్లాడటం మా పనిలో చిన్న ముక్క. చేతులు ఫేడర్ల (ధ్వని పెంచే, తగ్గించే మీటల) మీద, కళ్లు గడియారం మీద, చెవులు హెడ్‌ఫోన్‌లో ఉంటాయి. ముందు క్యూ షీట్, అంటే ఏది ఎన్నింటికి రావాలో రాసిన కాగితం, ఉంటుంది. ఢిల్లీ వార్తలు 7 గంటల 5 నిమిషాలకు అంటే సరిగ్గా ఆ నిమిషానికే, మనకోసం ఆగేవి కావు. మన పాట 40 సెకన్లు ముందే అయిపోతే ఆ 40 సెకన్లు ఏం చేస్తావు? అక్క ఎప్పుడూ ఒక వాద్య సంగీతం సిద్ధంగా పెట్టుకునేది, వార్తలకు రెండు సెకన్ల ముందు మెల్లగా దించేది. వినేవాళ్లకు అది తెలియకూడదు, తెలియలేదు కూడా. ‘ప్రసారంలో అంతరాయానికి చింతిస్తున్నాం’ అనే మాట ఆమె డ్యూటీలో నేను విన్నది చాలా తక్కువ.

అపోహ: ఆ వార్తలు కూడా మన ఊళ్లోనే చదివేవాళ్లు.

కాదు. ఢిల్లీ నుంచో, విజయవాడ, హైదరాబాద్‌ల నుంచో వచ్చేవాటిని ఇక్కడ రిలే చేసేవాళ్లం. నటుడు కొంగర జగ్గయ్య గారు సినిమాల్లో స్థిరపడకముందు ఢిల్లీలో కూర్చుని తెలుగు వార్తలు చదివినాయనే. అక్క చదివిన వార్తల గురించి రాసినవాళ్లు బహుశా ఆమె చెప్పిన జిల్లా సమాచారాన్ని గుర్తుపెట్టుకుని ఉంటారు.

అపోహ: సర్కారు ఉద్యోగం, జీతం, పెన్షన్, ఇంకేం కావాలి?

ఈ మాట దగ్గరే నాకు బాధ. మీకు గుర్తున్న గొంతుల్లో చాలామంది క్యాజువల్ అనౌన్సర్లు. రాతపరీక్ష, వాయిస్ టెస్ట్ పాసై ప్యానెల్‌లో చేరతారు, నెలకు మహా అయితే 6 డ్యూటీలు, డ్యూటీకి ఇంత అని ఫీజు. సెలవు లేదు, పీఎఫ్ లేదు, పెన్షన్ లేదు. మిగతా 24 రోజులు వేరే పని చూసుకోవాల్సిందే. అక్క ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేది. మార్నింగ్ డ్యూటీ ఉన్నరోజు తెల్లవారి నాలుగింటికి లేచి, పిల్లకు అన్నం వండి పెట్టి, చీకట్లో వచ్చి స్టూడియో తెరిచి, ట్రాన్స్‌మిషన్ అయ్యాక అక్కడినుంచి అటే బడికి వెళ్లేది. ‘ఆకాశవాణి’ అని ఆమె అనే ఆ ఒక్క మాటలో నిద్రలేమి మీకెప్పుడైనా వినిపించిందా?

గ్రూపుల్లో ‘ఘనంగా పదవీ విరమణ చేశారు’ అని రాశారు. క్యాజువల్‌కు పదవే లేదు, విరమణ ఎక్కడిది? ఒక నెల డ్యూటీ చార్టులో పేరు రాలేదు, తర్వాత నెలా రాలేదు, అంతే. దండ లేదు, శాలువా లేదు.

అపోహ: పాటలు కోరుతూ వచ్చే ఉత్తరాల్లోని పేర్లు వాళ్లే అల్లుకుని చదివేవాళ్లు.

అయ్యో, గోనెసంచిలో వచ్చేవి కార్డులు! నేను చేరిన రోజుల్లో పోస్టుకార్డు 15 పైసలు. ఆ కార్డు మీద ఇంటిల్లిపాది పేర్లు, పక్కింటివాళ్ల పేర్లు, కొన్నిసార్లు కూతురు పుట్టకముందే పెట్టుకున్న పేరు కూడా. వాటిని ఊరివారీగా విడదీసి, ఒక్క ఊరికే వారం వారం అవకాశం పోకుండా చూసేవాళ్లం. ఒకసారి ఉరవకొండ వైపు రికార్డింగ్‌కు పోతే, వేరుశనగ చేలో ఒక అవ్వ నా మాట విని కొడవలి పక్కన పెట్టి అడిగింది: ‘ఏం పాపా, రేడియోలో చెప్పేది నువ్వేనా? నా మనవడి పేరు చదివితివి గదా!’ అని. చదివి రెండేళ్లయింది.

అపోహ: రేడియోలో సీమ మాట రానిచ్చేవాళ్లు కాదు.

ఇది సగం నిజం. అనౌన్స్‌మెంట్ వరకు శిష్ట భాషే, అందులో వెసులుబాటు లేదు. గ్రామీణ కార్యక్రమాలు వేరు. తొలకరి వానలకు రెక్కల పురుగులు బయటికొస్తాయి, చేలగట్ల మీద మంటలు వేయండి, అవి వచ్చి పడితే ఎర్ర గొంగళి పురుగు ఉధృతి తగ్గుతుంది అని చెప్పాలంటే ఆఫీసు తెలుగులో చెప్తే ఎవరు వింటారు? అక్కడ ‘రోంత’, ‘యాడ’, ‘ఎట్ల’ అన్నీ పడేవి. శాస్త్రవేత్త మాటను రైతు మాటలోకి దించడం కూడా మా పనే, చాలా కష్టమైన పని.

అపోహ: రాత్రిపూట పవర్ పెంచేవాళ్లు, అందుకే దూరానికి వినపడేది.

ట్రాన్స్‌మిటర్ అదే, మారేది ఆకాశం. కడప 900 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్, 100 కిలోవాట్లు. పగటి ఎండకు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఏర్పడే పొర ఈ తరంగాలను పీల్చేస్తుంది. పొద్దుగుంకాక ఆ పొర పోతుంది, తరంగాలు ఇంకా పైనున్న పొరకు తగిలి ఎక్కడో దూరాన దిగుతాయి.

అపోహ: గొల్లపూడి సినిమా మనిషి, రేడియోకు అతిథిగా వచ్చేవారు.

తిరగేసి చెప్తున్నారు. గొల్లపూడి మారుతీరావు గారు 1982లో నటుడిగా తెరమీదకు రాకముందు దాదాపు రెండు దశాబ్దాలు రేడియో ఉద్యోగి, కడప కేంద్రంలో అసిస్టెంట్ స్టేషన్ డైరెక్టర్‌గా పనిచేశారు.

అపోహ: ఆమె గొంతంతా ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉంటుంది.

ఉండదు. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అనౌన్స్‌మెంట్ లైవ్‌లో చెప్పేది, అన్న క్షణమే గాలిలో కలిసిపోతుంది. రికార్డు చేసిన కార్యక్రమాలు పావు అంగుళం టేపు మీద ఉండేవి, సెకనుకు ఏడున్నర అంగుళాల వేగం. ఒక దగ్గు తీసేయాలంటే నాలుగు అంగుళాల టేపు బ్లేడుతో కోసి అతికించేవాళ్లం. టేపు ఖరీదైనది, స్పూళ్లు (టేపు చుట్టే చక్రాలు) కొరత. భద్రపరచాలి అని రాసిపెట్టినవి కొన్నే, మిగతావి చెరిపి వాటి మీదే మళ్లీ రికార్డింగ్. అక్క ఒక ఊరి చెక్కభజన బృందంతో చేసిన అరగంట కార్యక్రమం మీద నేనే, ఈ చేతులతోనే, పంటల పరిచయం రికార్డు చేశాను. ఆరోజు అది మామూలు పని అనిపించింది.

కాబట్టి మిగిలింది మీ ఇళ్లలోనే. అప్పట్లో మీ పేరు వస్తుందని టూ-ఇన్-వన్‌లో (రేడియో, క్యాసెట్ రెండూ ఉన్న పెట్టెలో) రికార్డు బటన్ నొక్కిన క్యాసెట్ అటక మీద ఉందేమో చూడండి. తెల్లగా బూజు కనిపిస్తే దాన్ని ప్లేయర్‌లో పెట్టొద్దు, తెలిసినవాళ్లకు చూపించండి. బాగుంటే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి, అప్పుడు ప్లే చేయండి. ఫోను స్పీకర్ ముందు పట్టుకోకుండా వైరుతో కంప్యూటర్‌కు ఎక్కించుకోండి, తేదీ, ఊరు గుర్తుంటే రాయండి.

తాడిపత్రి నుంచి ఒకాయన అలాంటిదే తెచ్చిచ్చారు. ఆయన తమ్ముడి పేరు వచ్చినరోజు రికార్డు చేసుకున్నారట. అంతా కలిపి 40 సెకన్లు. వెనకాల ఎవరో పిల్లాడిని ‘ఉష్, పేరొస్తాంది’ అని కసురుతున్నారు, కుక్కర్ విజిలేస్తోంది, వాటి మధ్యలో మా అక్క ఆ తమ్ముడి పేరు, ఊరి పేరు నిదానంగా, ఒక్క అక్షరం పోకుండా చదువుతోంది. ఇప్పుడది ఆమె కూతురి ఫోన్‌లో ఉంది.