దెబ్బతిన్న దాత ఊపిరితిత్తిని మూలకణాలు బాగుచేయగలవా?

1963 జూన్ 11న అమెరికాలోని జాక్సన్‌లో డాక్టర్ జేమ్స్ హార్డీ తొలిసారి మనిషికి ఊపిరితిత్తి మార్పిడి చేశారు. రోగి 18 రోజులు బతికాడు. ఆ తర్వాత పదిహేనేళ్లలో ప్రపంచమంతా కలిపి జరిగినవి 40 దాకా. ఎక్కువ మంది నెల కూడా నిలవలేదు. శరీరం కొత్త అవయవాన్ని ఒప్పుకునేది కాదు, గాలిగొట్టం కుట్లు మానేవి కావు. రోగనిరోధక శక్తిని అదుపు చేసే సైక్లోస్పోరిన్ వచ్చాక, 1983లో టొరంటోలో జోయెల్ కూపర్ బృందం ఆపరేషన్ చేసిన రోగి ఏళ్ల తరబడి బతికాడు.

కష్టం అక్కడితో తీరలేదు. గుండె, కిడ్నీలకు బయటి గాలి తగలదు. ఊపిరితిత్తి మాత్రం ప్రతి శ్వాసకీ దుమ్మునూ క్రిములనూ ఎదుర్కోవాలి. మార్పిడి చేయించుకున్నవారిలో దాదాపు సగం మందికి ఐదేళ్లలోపే దీర్ఘకాలిక తిరస్కరణ, అంటే శరీరం కొత్త ఊపిరితిత్తిని మెల్లగా దెబ్బతీయడం, మొదలవుతుంది. చాలామందిలో సన్నని గాలిగొట్టాలు మచ్చకట్టి మూసుకుపోతాయి. అలా పోయిన శ్వాసను తిరిగి తెచ్చే మందు ఇంతవరకు లేదు. ఇంకో బాధ, అవయవదాతల్లో సుమారు ఐదో వంతు మంది ఊపిరితిత్తులే పనికొస్తాయి. వెయిటింగ్ లిస్టులో మనుషులు చనిపోతుంటే మిగతావాటిని వదులుకోవాల్సి రావడం నిజంగా దారుణం.

2000లో స్వీడన్‌లోని లుండ్‌లో స్టిగ్ స్టీన్ బృందం, దాత ఊపిరితిత్తిని శరీరం బయటే పనిచేయించి, పరీక్షించి, రోగికి అమర్చింది. టొరంటో వైద్యులు దీన్ని గంటల తరబడి నడిపే పద్ధతిగా మార్చారు. అంటే మరమ్మతుకు వ్యవధి దొరికింది. మూలకణాలకు, అంటే ఇతర రకాల కణాలుగా మారగల కణాలకు, చోటు దొరికిందీ ఇక్కడే. ఎముక మజ్జ, బొడ్డుతాడు నుంచి తీసే మెసెంకైమల్ అనే రకం మూలకణాలు కొత్త ఊపిరితిత్తిగా ఎదగవు. అవి వదిలే పదార్థాలు వాపును తగ్గిస్తాయి. 2009లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు, బ్యాక్టీరియా విషంతో దెబ్బతీసిన మనిషి ఊపిరితిత్తులపై వీటిని ప్రయోగిస్తే, లోపల చేరిన నీరు తగ్గింది.

ఈ రంగంలో తొందరపాటుకు ప్రాణాలే పోయాయి. 2011 నుంచి స్టాక్‌హోంలో పావోలో మాకియారిని అనే సర్జన్ ప్లాస్టిక్ శ్వాసనాళాలపై రోగుల మూలకణాలు వేసి ముగ్గురికి అమర్చారు. ముగ్గురూ తర్వాత చనిపోయారు. 2023లో అప్పీల్ కోర్టు ఆయనకు రెండున్నరేళ్ల జైలుశిక్ష వేసింది.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో డాక్టర్ డేనియల్ చాంబర్స్ బృందం మాత్రం చిన్న ప్రయోగంతో మొదలుపెట్టింది. దీర్ఘకాలిక తిరస్కరణ వచ్చిన కొద్దిమందికి ఎముక మజ్జ కణాలు ఎక్కించి, ముందు భద్రత చూసింది. కణాలను శరీరం తట్టుకుందని 2017లో ఫలితాలు ప్రచురించింది. మచ్చకట్టడం ఆగుతుందా అన్నది తేల్చడానికి అంత చిన్న ప్రయోగం సరిపోదు, దానికి పెద్ద పరీక్షలే కావాలి.