తగవు తీర్చే చదువుకు ఫీజు ఎవరు కడతారు?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

శాంతి, సంఘర్షణల పరిష్కారం అనే చదువు ఒకటుందని కిందటి ఉత్తరంలో రాసినప్పుడు మీలో ఒకరు సూటిగా అడిగారు: "తాతగారూ, ప్లీడరుకు కక్షిదారు ఫీజు ఇస్తాడు కదా, దెబ్బలాటలు ఆపడం నేర్చుకునేవారికి ఎవరిస్తారు?"

కబడ్డీలో తీర్పు చెప్పే మనిషిని తలచుకోండి. ఒక జట్టు అతని చేతిలో నాలుగు డబ్బులు పెట్టిందంటే, ఆ క్షణం నుంచి రెండో జట్టు అతని ఈలను నమ్మదు; అందువల్ల అతని ఖర్చును ఆటలో లేనివారే భరించాలి. చిన్నప్పుడు నేను బక్కపలుచగా ఉండేవాణ్ణి కాబట్టి ఏ జట్టూ చేర్చుకోక, ఆ పని నాకు అంటగట్టేవారు. ఓడినవారు తిట్టేవారు, గెలిచినవారు మరిచిపోయేవారు. డ్రిల్లు మాస్టారు సొంత డబ్బుతో కొనిచ్చిన ఈల తాడు పీచులు లేచి మెడకు గుచ్చుకునేది. అయినా అది ఏ జట్టు సొమ్మూ కాదన్న ధీమాతో గట్టిగా ఊదేవాణ్ణి.

ఈ చదువుకు అలాంటి మాస్టార్లు ఉన్నారు. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1973లో శాంతి అధ్యయన విభాగం మొదలైనప్పుడు, యుద్ధాన్ని మతధర్మంగానే నిరాకరించే క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు దానికోసం చందాలు పోగుచేశారు. నేడు అక్కడా, స్వీడన్‌లోని ఉప్సాలాలోనూ, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లోనూ ఎం.ఏ. స్థాయి చదువుకు, రోటరీ అనే సేవాసంస్థ ఇచ్చే శాంతి ఫెలోషిప్ అనే ఆర్థిక సాయం ఫీజు, బస, భోజనం, రానుపోను ప్రయాణం అన్నీ భరిస్తుంది. ఎం.ఏ.కు వెళ్ళేవారు స్వదేశంలోని కేంద్రాన్ని ఎంచుకోకూడదు. రోటరీ సభ్యుల సంతానం అసలు అర్హులే కారు. ఈ రెండో నిబంధన నాకెంతో నచ్చింది. ఇచ్చేవారే తమ పిల్లలను పక్కకు తప్పిస్తే, ఆ ఈలను ఎవరు శంకిస్తారు?

అయితే ఆ ఫెలోషిప్ డిగ్రీ చేతికి రాగానే దొరకదు. ఆ రంగంలో కనీసం మూడేళ్ళు పనిచేసి ఉండాలి. అంతకంటే చిన్నవారికి వేరే దారి ఉంది. క్యాథరిన్ వాసర్‌మన్ డేవిస్ అనే అమెరికా మహిళ 2007లో తన నూరవ పుట్టినరోజు సందర్భంగా పది లక్షల డాలర్లు ఇచ్చి, విద్యార్థుల నూరు శాంతి ప్రాజెక్టులకు ఒక్కొక్కదానికి 10,000 డాలర్లు అందేలా చేశారు. ఆ పథకం నేటికీ సాగుతోంది. ఇది ఫీజుకు కాదు, పనికి ఇచ్చే సొమ్ము. పథకంలో చేరిన కళాశాలల విద్యార్థులకే దొరుకుతుంది కనుక, మీ కళాశాల అందులో ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. నూరేళ్ళ వయసులో ఒకరికి తనకోసం కాక, ఇంకా పుట్టని సంధికోసం ఖర్చుపెట్టాలనిపించడం ఎలాంటిదో నాకు వివరించడం చేతకాదు.

దరఖాస్తు ఫారం వచ్చినప్పుడు సొమ్ము ఎంతో చూసే ముందు అర్హతల భాగం, గడువు తేదీ చదవండి. "శాంతి అంటే నాకిష్టం" అని రాసేవారు వందలమంది ఉంటారు. ఏ తగవులో, ఎవరెవరి మధ్య నిలబడి, ఏం చేశారో రాసేవారు కొద్దిమందే. అందుకని ఇప్పటినుంచే ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. మీ చుట్టూ ఏదైనా తగవు వచ్చినప్పుడు ఇద్దరి మాటా విని, ఎవరేమన్నారో వారి మాటల్లోనే రాసి, చివరికి తీరిందో లేదో తేదీ వేయండి. తీరని తగవులకు పేజీలు ఎక్కువ వదలండి.

ఆశీస్సులతో,
మీ తాతగారు