డబ్బా మీద ఒక పేరు, లోపల మరో సాలీడు

కిందటి వానాకాలంలో ఒక సాయంత్రం బోడుప్పల్ నుంచి ఒక కుర్రవాడు నల్లకుంటలోని మా ఇంటికి వచ్చాడు. చేతిలో గాలి కోసం చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా, దాని మీద స్కెచ్ పెన్నుతో ‘కోబాల్ట్ బ్లూ’ అన్న రాత. లోపల ఉన్నది గోధుమ రంగు సాలీడు. “పెద్దయ్యాక నీలం వస్తుందన్నారు సార్” అన్నాడు. మూత తీశాను. సాలీడు నా వైపు వీపు తిప్పి, వెనక కాళ్లతో పొట్టను గబగబా గీరుకుంది. కంటికి ఆనీ ఆనని నూగు లేచింది. రాత్రి భోజనాల వేళ దాకా ముంజేయి గోక్కుంటూనే ఉన్నాను. సగం జవాబు ఆ దురదలోనే దొరికింది.

జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఇప్పుడు ఇదే కాలక్షేపం. టరాంటులాలు, అంటే ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీళ్లు, పెంచేవాళ్లు వాటి పేరు చెప్పమని వస్తారు. వాళ్ల నోట పదే పదే వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డబ్బా మీద ఉన్నదే ఆ సాలీడు పేరు.

వాస్తవం: అది అమ్మేవాడు పిలిచే పేరు. ఒకే మామిడిని ఒక బండివాడు బంగినపల్లి అంటాడు, పక్క బండివాడు బేనిషాన్ అంటాడు. కొనేవాడికి నష్టం లేదు, పండు ఒకటే. సాలీళ్ల దగ్గర వ్యవహారం తలకిందులు. పేరు ఒకటి, ప్రాణులు రెండు మూడు.

‘మెక్సికన్ రెడ్ నీ’ సంగతే చూడండి. నల్లటి కాళ్లకు మోకాళ్ల దగ్గర నారింజ పట్టీలున్న ఈ సాలీడును పెంచేవాళ్లు దశాబ్దాల పాటు బ్రాకీపెల్మా స్మితి అన్నారు. 2017లో ఈ ప్రజాతిని (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపును) మళ్లీ క్షుణ్ణంగా పరిశీలించినప్పుడు, ఆ పేరుతో ఇళ్లలో పెరుగుతున్నవాటిలో ఎక్కువ భాగం నిజానికి బ్రాకీపెల్మా హమోరీ అని తేలింది. రెండూ మెక్సికో పసిఫిక్ తీరంవే, చూపుకు అక్కాచెల్లెళ్లే. నిక్కచ్చిగా తేల్చాలంటే ఆడది మగదాని వీర్యాన్ని దాచుకునే వీర్యకోశాల ఆకారం, మగదాని నోటి పక్కన చిన్న కాళ్లలా ఉండే స్పర్శపాదాల కొసన బల్బు ఆకారం చూడాలి. ఇక్కడ అమ్మేవాడిని తిట్టడం అన్యాయం. పండితులే పొరబడ్డారు.

బోడుప్పల్ కుర్రవాడి విషయం వేరు. దురద పుట్టించే నూగు విసిరేవి అమెరికా ఖండాల టరాంటులాలే. ఆసియా, ఆఫ్రికా వాటికి ఆ ఆయుధం లేదు. కోబాల్ట్ బ్లూ మయన్మార్, థాయ్‌లాండ్ దేశాల ప్రాణి. కాబట్టి నా చేయి గోక్కున్న క్షణానే డబ్బా మీది పేరు కొట్టుకుపోయింది. భూతద్దం కింద పొట్ట మీద, వెనక కాళ్ల మీద వంకీలు తిరిగిన పొడవాటి వెంట్రుకలు కనిపించాయి. మధ్య అమెరికాకు చెందిన ‘కర్లీ హెయిర్’ అది. పెంపకందారుల దగ్గర అతి చవకగా దొరికే రకాల్లో ఒకటి. కుర్రవాడు ఎంత పోసి కొన్నాడో నేను అడగలేదు, అతడూ చెప్పలేదు.

అతడు నష్టపోయింది డబ్బు ఒక్కటే, అది నయం. తారుమారు ఇటు నుంచి అటు జరిగి ఉంటే? కోబాల్ట్ బ్లూ లోతైన తేమ మట్టిలో బొరియ తవ్వుకుని ఉంటుంది. మెరుపులా కదులుతుంది, కాటుకు వెనుకాడదు. సాధువైన కర్లీ హెయిర్ అనుకుని దాని డబ్బాలో చేయి పెడితే ఏమయ్యేదో ఊహించుకోండి.

అపోహ: నీలంగా ఉన్నవన్నీ ఒకే కుదురువి.

వాస్తవం: టరాంటులాల్లో నీలం రంగు కనీసం 8 సార్లు వేర్వేరుగా పుట్టిందని 2015 నాటి ఒక పరిశోధన చెప్పింది. ఆ నీలం రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు, వెంట్రుకల్లోని అతిసూక్ష్మ నిర్మాణం మీద వెలుతురు పడి కలిగించే మాయ. ఫోను ఫ్లాష్ వేస్తే ఒక నీలం, వేయకపోతే ఒక బూడిద. కుబుసం విడిచే ముందు వెలవెలబోతుంది, విడిచాక తళతళలాడుతుంది. ‘ఈ ఫొటో చూసి పేరు చెప్పండి’ అంటే నేను తప్పించుకునేది అందుకే.

అపోహ: గుత్తి సాలీడు గుత్తిలో ఉంటుంది.

వాస్తవం: నాకు అన్నిటికంటే ఇష్టమైన పొరపాటు ఇది. ప్రపంచంలోని పెంపకందారులంతా ‘గూటీ సఫైర్’ అని మురిసిపోయే పోసిలోథీరియా మెటాలికాను 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. ఆయనకు అందిన సాలీడు గుత్తిలోని రైల్వే కలప డిపోలో దొరికింది. దాంతో ఊరి పేరు స్థిరపడిపోయింది. తరువాత వందేళ్ల పాటు దాని జాడ లేదు. 2001లో మళ్లీ కనిపించింది, అదీ గుత్తిలో కాదు, నంద్యాల – గిద్దలూరు మధ్య అడవిలో. కలపతో పాటు రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందని అంచనా. అంటే మన ఊరి పేరు ఆ సాలీడుకు సొంతూరు కాదు, దిగిన స్టేషను. 2008 నాటి అంచనా ప్రకారం దాని అసలు నివాసం 100 చదరపు కిలోమీటర్ల లోపే. అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న ప్రాణుల్లో దాన్ని చేర్చారు. ‘మన దగ్గరిదే కదా సార్, అడవి నుంచి ఒకటి తెప్పించండి’ అని అడిగేవాళ్లకు నేను టీ కూడా ఇవ్వను.

దీని దాయాదుల్లో పోసిలోథీరియా రెగాలిస్ కూడా మన దేశంలో ఉంది. పై నుంచి చూస్తే ఈ ప్రజాతిలో చాలావాటికి బూడిద మీద ఆకులాంటి మచ్చలు, అంతా ఒకటే గందరగోళం. గాజు మీదికి ఎక్కినప్పుడు కింది నుంచి చూడాలి. రెగాలిస్‌కు ముందు కాళ్ల అడుగున పసుపు, పొట్ట అడుగున గులాబీ పట్టీ కనిపిస్తాయి. ఫొటోయే పంపుతామంటారా, అడుగు భాగం తీసి పంపండి.

అపోహ: ‘బర్డ్ ఈటర్’ పిట్టలను తింటుంది. వాస్తవం: 1705లో మరియా సిబిల్లా మెరియన్ అచ్చు వేయించిన ఒక బొమ్మలో సాలీడు చిన్న పిట్టను తింటుంది, పేరు అక్కడి నుంచి వచ్చింది. పెద్ద రకాలు ఎప్పుడైనా పిట్టకూనను పట్టవచ్చు గాని, రోజువారీ తిండి పురుగులూ వానపాములూ. మీరు బొద్దింకలు వేస్తే చాలు.

అపోహ: మా ఇంటి గోడ మీద టరాంటులా తిరుగుతోంది. వాస్తవం: నగరంలో ఈ ఫోన్లు నాకు వానాకాలమంతా వస్తాయి. పలచగా, చదునుగా, పొడవాటి కాళ్లతో పక్కకు పరుగెత్తేది హంట్స్‌మన్ సాలీడు. బొద్దింకల పని పడుతుంది, ఉండనివ్వండి.

అపోహ: పేరు ఏదైతేనేం, పెంచుకోవడానికేగా.

వాస్తవం: కాగితాల దగ్గర ఈ మాట చెల్లదు. అంతర్జాతీయ వర్తకాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలోకి బ్రాకీపెల్మా ప్రజాతి మొత్తం 1994లో చేరింది. మన వన్యప్రాణి చట్టం నాలుగో షెడ్యూలులోని విదేశీ ప్రాణులను పెంచేవారు, 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. అక్కడ ‘రెడ్ నీ’ అని రాస్తే ఏ రెడ్ నీ? పైగా కర్లీ హెయిర్ 2020 దాకా బ్రాకీపెల్మాలోనే ఉండి, తరువాత ట్లిల్టోకాట్ల్ అనే కొత్త ప్రజాతికి మారింది. పాత బిల్లులో ఒక పేరు, కొత్త పుస్తకంలో మరొకటి. రెండూ రాసిపెట్టుకోండి, బిల్లు పారేయకండి.

కుబుసం కూడా పారేయకండి. ఎండి ముడుచుకుపోయిన పొట్ట భాగం మీద సబ్బు నీళ్లు రెండు చుక్కలు వేసి, మెత్తబడ్డాక కుంచెతో విప్పాలి. లోపలి వైపు తెల్లటి ఊపిరితిత్తుల మచ్చలు నాలుగు కనిపిస్తాయి. పై రెండింటి మధ్య చిన్న మడత ఉంటే ఆడది. బోడుప్పల్ కుర్రవాడు సంక్రాంతికి అగ్గిపెట్టెలో దూది మధ్య పెట్టి తెచ్చాడు. మడత ఉంది. “ఇంకో ఇరవై ఏళ్లు బతకగలదు” అన్నాను. అతడు కాసేపు లెక్క వేసుకుని, “అయితే మా కోబాల్ట్ నా పెళ్లి చూస్తుంది సార్” అన్నాడు.