గుంపులో ఒక్క పరాయి పక్షి

అరుదైన వలస పక్షిని చూడాలంటే ముందు మామూలు పక్షుల్నే ఓపిగ్గా చూడాలి. దూరం నుంచి దారి తప్పి వచ్చిన పక్షి చాలాసార్లు ఒంటరిగా కూర్చోదు. తనలాంటివి ఎక్కడ మేస్తుంటే అక్కడ చేరిపోతుంది.

బురదలో పురుగులు ఏరుకునే చిన్న ఉల్లంకి పిట్టల్ని చూడండి. లిటిల్ స్టింట్ పిచ్చుకంత ఉంటుంది, కాళ్లు నలుపు. టెమింక్స్ స్టింట్ కూడా అంతే ఉంటుంది గానీ దాని కాళ్లు పసుపు ఛాయ. బురద అంటుకుంటే మాత్రం ఆ పసుపు కాళ్లూ నల్లగానే కనిపిస్తాయి. కాబట్టి కాళ్లొక్కటే చూసి తేల్చేయకూడదు, ముడిచిన రెక్కల కొసలు ఎంతదాకా వచ్చాయో కూడా చూడాలి. బెయిర్డ్స్ శాండ్‌పైపర్‌కి ఆ కొసలు తోకను దాటి బయటికి వస్తాయి. ఉత్తర అమెరికా ఆర్కిటిక్‌లో గుడ్లు పెట్టి, చలికాలానికి దక్షిణ అమెరికా చేరే పక్షి అది. అంత దూరం ఎగిరేదానికి పొడవాటి రెక్కలు ఉండాల్సిందే. అది చేసే ప్రయాణం ఎంతటిదో రెక్క చివర చూసి తెలుసుకోవచ్చు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

ఇంతకీ దారెందుకు తప్పుతాయి? 1950లలో పెర్డెక్ అనే డచ్ శాస్త్రవేత్త, వలస పోతున్న వేలాది స్టార్లింగ్‌లను నెదర్లాండ్స్‌లో పట్టించి, స్విట్జర్లాండ్‌కి తీసుకెళ్లి వదిలించారు. ఇవి మన గోరువంకల కుటుంబానివే. అంతకుముందు వలస వెళ్లొచ్చిన పెద్ద పక్షులు దిశ మార్చుకుని, ఎప్పుడూ చలికాలం గడిపే చోటి వైపే మళ్లాయి. మొదటిసారి బయల్దేరిన పిల్ల పక్షులు మాత్రం దిశ మార్చుకోలేదు. పాత దిశలోనే ఎగిరి దక్షిణ ఫ్రాన్స్, స్పెయిన్ చేరుకున్నాయి. అంటే ఎటు ఎగరాలన్నది పుట్టుకతోనే వస్తుంది, పక్కకు తప్పితే సరిచేసుకోవడం అనుభవంతో వస్తుంది. గాలి పక్కకు నెట్టేసిన పిల్ల పక్షి తేలిగ్గా ఎక్కడో తేలుతుంది. గుంపులో ఈకల అంచులు కొత్తగా, చెక్కుచెదరకుండా ఉన్న పిల్ల పక్షుల్ని ఇంకోసారి చూడమనేది ఇందుకే. భూమి అయస్కాంత క్షేత్రం కలత చెందినప్పుడు దారి తప్పే పక్షులు పెరుగుతున్నాయని ఉత్తర అమెరికా పక్షుల మీద 2023లో వచ్చిన ఒక అధ్యయనం కూడా చెప్పింది.

ఎప్పుడు వెళ్లాలన్నది వాతావరణాన్ని బట్టి ఉంటుంది. చాలా చిన్న పక్షులు రాత్రిపూట, అనుకూలమైన గాలి చూసుకుని ప్రయాణిస్తాయి. మధ్యలో వాన తగిలితే దొరికిన చోట దిగిపోతాయి. రాత్రి వాన పడి తెల్లారేసరికి తెరిపిస్తే నేను తప్పకుండా బయల్దేరతాను. అలా దిగినవి బాగా అలసిపోయి ఉంటాయి, వాటికి ముందు తిండి కావాలి. ఫోటో కోసం దగ్గరికెళ్లి లేపడం నిజంగా హాని చేసినట్టే.

తప్పిపోయిన ప్రతి పక్షీ తప్పిపోయినట్టే ఉండిపోదు. సైబీరియా గడ్డి మైదానాల రిచర్డ్స్ పిపిట్ చలికాలానికి దక్షిణాసియా వైపు వస్తుంది. పడమటి యూరప్‌లో కనిపిస్తే దారి తప్పిందనే అనుకునేవారు. దక్షిణ ఫ్రాన్స్‌లో చలికాలం గడిపే పిపిట్‌లు ఏటేటా తిరిగొస్తున్నాయని, అలా ఒక కొత్త వలస దారి ఏర్పడిందని 2021లో పరిశోధకులు తేల్చారు. కాబట్టి ఎక్కడైనా అరుదైన పక్షి కనిపిస్తే తేదీ, చోటు, కాళ్ల రంగు, రెక్క కొస, కూత అక్కడికక్కడే రాసుకోండి. మరుసటేడు అదే నెలలో మళ్లీ వెళ్లి చూడండి. కనబడకపోతే కనబడలేదనే రాయండి.