పీపీ పోలీసుల మనిషి కాదు: నాంపల్లి కోర్టుల్లో రోజూ వినే అపోహలు

"మేడమ్, మీరు పోలీసు డిపార్టుమెంటే కదా?" నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ప్రాసిక్యూటర్‌గా (పీపీ, అంటే ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసు నడిపే పబ్లిక్ ప్రాసిక్యూటర్) పనిచేస్తున్న నాకు ఈ ప్రశ్న ఎదురుకాని వారం ఉండదు. ఫిర్యాదు చేసినవాళ్లూ అడుగుతారు, ముద్దాయి ఇంటివాళ్లూ అడుగుతారు. వాళ్లను తప్పుపట్టలేం. 2021లో మన తెలంగాణలో ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డే. కోర్టు హాల్లో మా పక్కన ఫైళ్లు పట్టుకుని నిలబడేది కానిస్టేబులే. చూసేవాళ్లకు అందరూ ఒకటే అనిపిస్తారు. కానీ ఈ ఒక్క అపోహ వల్ల నిజమైన కేసులు కూలిపోవడం చూశాను. అందుకే ముందు దీని సంగతి తేలుస్తాను.

అపోహ: పీపీ అంటే పోలీసుల వకీలు. ఎలాగైనా శిక్ష వేయించడమే ఆ ఉద్యోగం.

వాస్తవం: దర్యాప్తు పోలీసులది, ప్రాసిక్యూషన్ మాది. పీపీ దర్యాప్తు సంస్థలో భాగం కాదని, చట్టం ప్రకారం స్వతంత్ర అధికారి అని 1994లోనే హితేంద్ర విష్ణు ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1999లో శివ్ కుమార్ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. నిజానిజాలతో పనిలేకుండా శిక్ష పడాలన్న ఆరాటం పీపీకి ఉండకూడదు. ముద్దాయికి న్యాయంగా దక్కాల్సింది ఏదైనా ఉండి, దాన్ని అతని వకీలు గమనించకపోతే, తెలిసిన పీపీయే కోర్టు దృష్టికి తేవాలి.

ఇదంతా మాకెందుకు అంటారా? పీపీ పోలీసుల మనిషి అనుకున్న సాక్షి, స్టేషన్‌లో రాయించిన మాటలే మాకూ అప్పజెబుతాడు. కోపంలో చేర్చిన పేరు, కొంచెం పెంచి చెప్పిన దెబ్బ, తాను అక్కడ లేని పది నిమిషాలు, ఇవన్నీ దాచేస్తాడు. పోలీసులకు ఇచ్చిన స్టేట్‌మెంట్ (పాత చట్టంలోని సెక్షన్ నంబరుతో మేమంతా ఇప్పటికీ 161 స్టేట్‌మెంట్ అనే అంటాం) సాక్ష్యం కాదు. దాని మీద మీ సంతకం కూడా ఉండదు. దాన్ని కోర్టులో ముఖ్యంగా వాడుకునేది అవతలి వకీలే, మీ మాటకూ అందులోని మాటకూ తేడా చూపించడానికి. ముఖ్యమైన విషయం అందులో లేకుండా బోనులో మొదటిసారి చెప్పినా తేడా కిందకే రావచ్చు. అలాంటి తేడాలు ఉంటే మాకు ముందే తెలియాలి.

ఒక తల్లి కేసు చెప్తాను. రాత్రిపూట కొడుకును కొందరు కర్రలతో కొట్టారు, ఆమె కళ్లారా చూసింది. వీధి దీపం వెలుగులో చూశానని స్టేట్‌మెంట్‌లో ఉంది. సాక్ష్యం రోజు పొద్దున్నే నా గదికి పిలిచి, "అమ్మా, ఆ రోజు లైటు వెలుగుతోందా?" అని అడిగాను. ఆమె కానిస్టేబుల్ వైపు చూసింది. "రాసిండ్రు కద మేడమ్" అంది. అతన్ని బయటకు పంపి మళ్లీ అడిగాను. కొంగు వేలికి చుట్టుకుంటూ చాలాసేపు ఆగింది. "పోల్ లైటు చానా రోజులసంది వెలుగుతలేదు మేడమ్. కిరాణా షాపు లైటుల చూసిన. పోల్ లైటు లేదంటే కేసు పోతదని మావోళ్లు చెప్పొద్దన్నరు."

డిఫెన్స్ (ముద్దాయి తరఫు వకీలు) అడిగేదాకా ఆగకుండా, లైటు గురించి చీఫ్‌లోనే, అంటే మా సాక్షిని ముందుగా మేం ప్రశ్నించేటప్పుడే, నేను అడిగాను. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. స్టేట్‌మెంట్‌తో ఉన్న తేడాను డిఫెన్స్ వకీలు కోర్టు రికార్డులో మార్క్ చేయించుకున్నారు, అది ఆయన హక్కు. కానీ ఆ తర్వాత ఆ విషయంలో లాగడానికి ఏమీ మిగల్లేదు. షాపు తెరిచే ఉందని షాపు యజమాని కూడా చెప్పాడు. జడ్జి గారు ఆమె మాట నమ్మారు. పోల్ లైటు వెలుగుతోందని బోనులో అని ఉంటే, కళ్లారా చూసిన తల్లి మాట మొత్తం అనుమానంలో పడేది.

పాత స్టేట్‌మెంట్ చూపించి గుర్తు చేయడం మా పని. ఏం చెప్పాలో నేర్పడం మాత్రం చేయం, చేయకూడదు. కొట్టింది ఇద్దరైతే ఆరుగురి పేర్లు రాయించమని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి బస్తీలో ఉంటారు. కేసు బలపడుతుందని వాళ్ల నమ్మకం. ఆ నలుగురి పాత్ర నిలబడకపోతే అసలు ఇద్దరి మీద కూడా అనుమానం వస్తుంది. పైగా ఏ తప్పూ చేయని నలుగురు ఏళ్ల తరబడి వాయిదాలకు తిరుగుతారు. వాళ్లకు జరిగే అన్యాయం కూడా నాకు పట్టాలి, నా ఉద్యోగంలో అదీ ఒక భాగమే.

అపోహ: పీపీకి డబ్బు ముడితే బెయిల్ వస్తుంది.

దీని వెనుక ఉండేది కోర్టు గేటు దగ్గర తిరిగే దళారులు. కొడుకు జైల్లో ఉన్నాడన్న టెన్షన్‌తో వచ్చిన తల్లుల దగ్గర వీళ్లు గుంజుతున్నారు, చూస్తుంటే కడుపు రగిలిపోతుంది. బెయిల్ ఇచ్చేది జడ్జి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉచితంగా ఇస్తుంది, ఫోన్ 15100. ఇంకొకటి తెలుసుకోండి. గతంలో ఏ నేరానికీ శిక్ష పడని వ్యక్తి, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగానే గడిపితే, బాండు మీద విడుదల చేయాలని బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 479వ సెక్షన్ చెబుతోంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటి కంటే ఎక్కువ కేసులు పెండింగ్‌లో ఉన్నా కుదరదు.

అపోహ: పీపీ వద్దు, మా ప్రైవేటు వకీలే వాదిస్తారు.

సెషన్స్ కోర్టులో పోలీసు కేసు నడిపేది పీపీయే. కోర్టు అనుమతితో మీ వకీలు మాకు సహాయంగా ఉండొచ్చు, సాక్ష్యాలు ముగిశాక రాతపూర్వక వాదన ఇవ్వొచ్చు. సాక్షుల్ని మా బదులు ఆయన ప్రశ్నించడం, క్రాస్ ఎగ్జామిన్ చేయడం కుదరదని 2019లో రేఖా మురార్కా తీర్పు తేల్చింది. మంచి వకీలైతే మాకు నిజంగానే మేలు.

అపోహ: ప్రభుత్వం తలుచుకుంటే పీపీతో కేసు ఎత్తేయిస్తుంది.

ఉపసంహరణకు కోర్టు అనుమతి కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 360వ సెక్షన్ ప్రకారం, అనుమతి ఇచ్చేముందు బాధితుల మాట కూడా వినాలి. ఎంపీలు, ఎమ్మెల్యేల కేసులైతే హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయడానికి వీల్లేదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

అపోహ: కేసు కొట్టేశారంటే పీపీ అమ్ముడుపోయినట్టే, ఇక చేసేదేం లేదు.

సాక్షులు ఎదురు తిరిగి పోయిన కేసులే నేను ఎక్కువ చూశాను. బెదిరింపులు వస్తుంటే సాక్షి రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు, 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన పథకం అది. కోరితే దరఖాస్తు రాయడంలో మేం సాయం చేస్తాం. తీర్పు మీకు వ్యతిరేకంగా వచ్చినా బాధితులుగా అప్పీలు చేసుకునే హక్కు 2009 సవరణతోనే వచ్చింది. దానికి ప్రభుత్వం వైపు చూడక్కర్లేదు, కోర్టు ముందస్తు అనుమతి కూడా అక్కర్లేదని 2018లో మల్లికార్జున్ కోడగలి కేసులో తేలింది. తీర్పు వచ్చిన రోజే కాపీకి దరఖాస్తు పెట్టండి. గడువు దాటితే ఆలస్యానికి కారణం చెప్పుకోవాల్సి వస్తుంది.